అప్పు చేయరు, అడగరు: విల్సన్ వీధి అనాథ గృహాల లెక్క

1838 సెప్టెంబరు 18, మంగళవారం. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరం, విల్సన్ వీధి. అద్దెకు తీసుకున్న మూడు ఇళ్ళలో వందకు దగ్గరగా అనాథ పిల్లలున్నారు. ఆ రోజు చేతిలో ఉన్నది ఒక సహకారి దగ్గర 25 షిల్లింగులు, ఈ గృహాలను నడిపే జార్జ్ ముల్లర్ దగ్గర 3 షిల్లింగులు. అంతా కలిపితే 1 పౌండు 8 షిల్లింగులు (పౌండుకు 20 షిల్లింగులు). దానితో కావలసిన మాంసం, రొట్టె కొన్నారు. ఒక ఇంటికి కొంచెం టీ పొడి, అన్ని ఇళ్ళకూ పాలు వచ్చాయి. రొట్టె రెండు రోజులకు సరిపోతుంది. పనివాళ్ళు తమ సొంత డబ్బు అప్పటికే ఇచ్చేశారు, వాళ్ళ దగ్గరా ఇంకేమీ లేదు.

మధ్యాహ్నం దాటాక లండన్ నుంచి వచ్చిన ఒక స్త్రీ తన కూతురు పంపిన 3 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు తెచ్చి ఇచ్చింది. నాలుగైదు రోజులుగా ఆమె బస చేసింది మగపిల్లల గృహం పక్కింట్లోనే. అంటే ఇక్కడ ప్రార్థన చేస్తున్న రోజులన్నీ ఆ డబ్బు గోడకు అవతలే ఉంది. ఇంత దగ్గర పెట్టి ఇన్ని రోజులు ఇవ్వకుండా ఆపడంలోనే, సహాయం చేయాలని దేవుడు మొదటినుంచీ తలపెట్టాడని తెలుస్తోందని ముల్లర్ రాసుకున్నారు.

మన సంఘాల్లో ఈ ఘట్టం చెప్పి ఊరుకుంటారు. గృహం ముందే పాలబండి ఇరుసు విరిగి ఆ పాలు పిల్లలకు దక్కాయన్న కథ అయితే ఇంకా ఎక్కువ వినబడుతుంది. సంఘాల డబ్బు, పిల్లల గృహాల డబ్బు చూసేవాళ్ళకు పనికొచ్చేది మాత్రం ఆ 18వ తేదీ కాదు, దానికి ఎనిమిది రోజుల ముందు జరిగింది.

సెప్టెంబరు 10, సోమవారం. శనివారం, ఆదివారం ఒక్క పెన్నీ రాలేదు. అప్పటిదాకా నిధుల పరిస్థితి ముల్లర్‌కూ మరొక్కరికీ తప్ప పనివాళ్ళెవరికీ తెలియదు. ఆ రోజు అందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఆయన నిర్ణయించుకున్నారు. చెప్పదలచుకున్నవి ఇవి. వెంటనే డబ్బు కట్టగలిగితే తప్ప ఏ వస్తువూ కొనకూడదు. అలాగని పిల్లలకు బలమైన తిండిలోగానీ కావలసిన బట్టలోగానీ లోటు రాకూడదు, వాళ్ళను కొరతతో ఉంచడం కన్నా పంపేయడమే మేలు. అమ్మకం కోసం వచ్చిన కానుక వస్తువులు ఇంకా ఉన్నాయా, ఇంట్లో నిజంగా అవసరం లేని సామాను ఏదైనా ఉందా చూసి డబ్బుగా మార్చాలి. అందరూ కలిసి ప్రార్థన చేయాలి.

ఈ వరస గమనించాలి. ప్రార్థన ఒక్కటే చేసి ఊరుకోలేదు. సరకు లెక్క చూశారు, కొనుగోళ్ళు ఆపారు, మిగులు సామాను అమ్మకానికి తీశారు. అన్నిటికన్నా కఠినమైనది గృహాన్ని మూసేయడానికి సిద్ధపడడం. పిల్లలకు కొరత వస్తే పంపేస్తాను అనగలిగినవాడికే "దేవుడు చూసుకుంటాడు" అనే హక్కు ఉంటుంది. ఆ మాట అనలేని చోట విశ్వాసం పేరుతో ఆకలికి గురయ్యేది పిల్లలు, నిర్వాహకుడు కాదు.

ఈ పద్ధతి ఒక్కరోజులో పుట్టలేదు. 1830లో ముల్లర్ టెయిన్‌మౌత్‌లో చిన్న సంఘానికి కాపరి. జీతం ఏడాదికి 55 పౌండ్లు, అందులో ఎక్కువ భాగం కూర్చునే బల్లలకు వసూలు చేసే అద్దె. ధనవంతుడికి మంచి చోటు, బీదవాడికి మూల అని యాకోబు పత్రిక రెండో అధ్యాయం తప్పుబట్టింది సరిగ్గా దీన్నేనని ఆయనకు తోచింది. పైగా మూడు నెలలకోసారి గడువు ప్రకారం కట్టాల్సి రావడం పేదలకు భారం, సణుక్కుంటూ ఇచ్చేది కానుక కాదు. ఆ అక్టోబరులో జీతం మానేసి, మందిరంలో ఒక పెట్టె పెట్టించారు. మొదటి ఏడాది వచ్చింది 130 పౌండ్లకు పైనే. చాలామంది ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. పెట్టె వల్ల పడ్డ ఇబ్బంది ఎవరూ చెప్పరు. దాన్ని తెరిచే బాధ్యత వేరే సహోదరుడిది. ఆయన వారాల తరబడి తెరవడం మరిచిపోయిన సందర్భాలున్నాయి. ఇంట్లో చిల్లర కూడా లేని రోజున సైతం "పెట్టె తియ్యండి" అని ముల్లర్ అడగలేదు. అలా అనడమూ అవసరం చెప్పుకోవడమే అని ఆయన లెక్క. ఆయన ఓర్పు గొప్పదే. కానీ పద్ధతిగా చూస్తే ఇది లోపం. పెట్టె తెరిచే రోజు ముందే రాసిపెట్టుకుంటే ఎవరి మతిమరుపూ ఎవరికీ పరీక్ష కాదు.

అనాథ గృహం ఆలోచనకు పునాది 1835 డిసెంబరు 5న చదివిన 81వ కీర్తనలోని మాట, "నీ నోరు బాగుగా తెరువుము నేను దాని నింపెదను." ప్రార్థనలో అడిగినవి కచ్చితమైన అంకెతో ఉన్నాయి: 1000 పౌండ్లు, తగిన ఇల్లు, తగిన పనివాళ్ళు. డిసెంబరు 9న బహిరంగ సభ పెట్టి ఆలోచన చెప్పారు, చందా పట్టలేదు. మర్నాడు అందిన సామాను జాబితా చూస్తే పెళ్ళివారింటి లెక్కలా ఉంటుంది: 3 పళ్ళేలు, 28 కంచాలు, 3 గిన్నెలు, ఒక కూజా, 4 లోటాలు, 3 ఉప్పు గిన్నెలు, ఒక తురుమెన, 4 కత్తులు, 5 ముళ్ళగరిటెలు. ఇంత చిల్లర వస్తువులను కూడా విడివిడిగా రాసిపెట్టడమే ఆ సంస్థ స్వభావం. ఇల్లు సిద్ధమయ్యాక, 1836 ఫిబ్రవరి 3న, చేర్చుకోవడానికి దరఖాస్తులు తీసుకుంటామని కూర్చుంటే ఒక్కరూ రాలేదు. డబ్బు అడిగాం, ఇల్లు అడిగాం, మనుషుల్ని అడిగాం, పిల్లల కోసమే ప్రార్థన చేయలేదు అని ఆ సాయంత్రం గుర్తొచ్చింది. మర్నాడు మొదటి దరఖాస్తు వచ్చింది. ఏప్రిల్ 11న ఆరో నంబరు ఇల్లు ఆడపిల్లలతో తెరుచుకుంది. 1000 పౌండ్లు పూర్తయ్యేసరికి 1837 జూన్ 15 వచ్చింది. మొత్తం పద్దెనిమిది నెలల పది రోజులు. ఆ మధ్యలో అప్పు లేదు.

ఆ వెయ్యిలో ఒక వంద గురించి విడిగా చెప్పాలి. ఇచ్చింది కుట్టుపనితో బతికే పేద స్త్రీ. ఆరోగ్యం అంతంతమాత్రం. వారానికి సంపాదన సుమారు మూడున్నర షిల్లింగులు. తండ్రి పోయాక దాదాపు 480 పౌండ్ల వారసత్వం వచ్చింది. తండ్రి అప్పులవాళ్ళు పౌండుకు ఐదు షిల్లింగుల చొప్పున తీసుకుని చెల్లు రాసేశారు, చట్ట ప్రకారం ఆమె కట్టాల్సింది ఏమీ లేదు. అయినా తన వంతు మిగతా బాకీ కట్టింది. తల్లికి 100 పౌండ్లు ఇచ్చింది. అప్పుడు 100 పౌండ్లు అనాథ గృహానికి పంపింది. ముల్లర్ ఆ డబ్బు చూసి పొంగిపోలేదు, ఆమెను పిలిపించారు. ఆవేశంలో ఇచ్చిందేమో, రేపు బాధపడుతుందేమో అని మాట్లాడి, ఆపే ప్రయత్నం చేశారు. ఆమె స్థిరంగా ఉందని తేలాకే తీసుకున్నారు. ఆమె సెలవు తీసుకుని వెళ్తూ సంఘంలోని పేదల కోసమని మరో 5 పౌండ్లు ఇచ్చింది.

విత్తనపు కానుక వేయండి, వందరెట్లు కోయండి అనే బోధతో దీన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడ బాకీ ముందు, తల్లి తర్వాత, కానుక ఆపైన. తీసుకునేవాడు ఇచ్చేవాడిని వెనక్కి లాగాడు. ఆమెకు ఆ డబ్బు పదింతలై తిరిగొచ్చిందని ముల్లర్ ఎక్కడా రాయలేదు. ఉన్నదంతా అయిపోయాక కూడా ఇచ్చినందుకు ఆమె చింతించలేదని మాత్రం రాశారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఆదివారం కవరులో పెట్టేవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. "ఎవనికిని అచ్చియుండవద్దు" అన్న రోమా 13:8 ప్రకారం అది కానుక కాదు, వడ్డీవ్యాపారి డబ్బు. కోశాధికారికి విషయం తెలిస్తే కవరు వెనక్కి ఇవ్వాలి. మకెదోనియవారు సామర్థ్యానికి మించి ఇచ్చారన్న వచనం ఇక్కడ అడ్డు పెట్టడం కుదరదు. వాళ్ళు ఇచ్చింది తమ సొంతం.

అప్పు చేయకూడదన్నది మొదటి నియమం. ఇక రెండోది, ఒక నిధి మరో నిధిలో కలవకూడదు. 1838లోనే గృహాలకు పైసా లేని ఒక రోజున ముల్లర్ పేరిట బ్యాంకులో సుమారు 220 పౌండ్లు ఉన్నాయి. ఇద్దరు దాతలు ప్రభువు పనిలోనే వేరే అవసరానికి అప్పగించినవి. అందులో 20 తీసుకుని వాళ్ళకు ఉత్తరం రాస్తే వాళ్ళు కాదనరని ఆయనకు తెలుసు. ముట్టుకోలేదు. అలా తీసుకుంటే అది తన ఉపాయమే గాని దేవుడి విడుదల కాదని, పైగా మళ్ళీ ఇలాంటి గడియ వచ్చినప్పుడు విశ్వాసానికి అదే అడ్డు అవుతుందని కారణం రాశారు. లెక్కలు చూసేవాళ్ళకు ఈ రెండో కారణం మరింత తెలిసినదే. మందిర కట్టడం నిధిలోంచి ఈ నెలకు మాత్రమే అని కరెంటు బిల్లు కట్టిన సంఘం వచ్చే నెలా కడుతుంది. ఏడాది తిరిగేసరికి స్లాబు డబ్బు ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష 1841 డిసెంబరులో వచ్చింది. ఏటా లెక్కలు ముగించి, బహిరంగ సభలు పెట్టి, నివేదిక అచ్చు వేసే సమయం అది. నివేదిక చదివితే జనం చలించి ఇస్తారు, ఆ సంగతి అందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడే నిధులు అడుగంటాయి. అందుకని సభలూ నివేదికా వాయిదా వేశారు. అవసరం తీవ్రంగా ఉన్నప్పుడు నివేదిక ఇస్తే అది చేయి చాచడమే అవుతుందని. తర్వాత వచ్చిన నెలలు దారుణంగా గడిచాయి. 1842 ఫిబ్రవరిలో ఆ పూట భోజనాలకు ఉంది, రేపటి రొట్టెకూ పాలకూ లేదు, రెండు ఇళ్ళలో బొగ్గు అయిపోవచ్చింది అన్న రోజులున్నాయి. ఏప్రిల్ 12న, ఇంతకన్నా గొప్ప అవసరం ఎన్నడూ లేదేమో అనుకున్న ఉదయం, ఈస్ట్ ఇండీస్ నుంచి 100 పౌండ్లు వచ్చాయి. తాను ఆశ్చర్యపోలేదని, చాలాకాలంగా ఎదురుచూస్తున్నదే వచ్చిందని ముల్లర్ రాశారు. నివేదికలో లెక్కలు 1842 మే వరకు చూపించారు.

మన ప్రాంతానికి ఒక సంబంధం ఉంది. ముల్లర్ భార్య మేరీకి అన్నయ్య ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, ఉన్నది వదులుకుని ఇవ్వడంపై ఆయన రచన ముల్లర్ ఉన్న బ్రదరన్ వర్గమంతటినీ కదిలించింది. విల్సన్ వీధి ఇల్లు తెరిచిన 1836లోనే గ్రోవ్స్‌తో కలిసి విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఓడెక్కి వచ్చారు. మచిలీపట్నం, తర్వాత నరసాపురం, పాలకొల్లు. గోదావరి జిల్లాల బ్రదరన్ సంఘాల మొదలు అదే. జీతం హామీ లేని సేవ అన్న మాట అక్కడ ఇవాళ్టికీ వినిపించడానికి మూలం ఇక్కడుంది.

ముల్లర్ పద్ధతి మీద పాత విమర్శ ఒకటుంది. అడగనన్నాడు, కానీ ఏటా నివేదిక అచ్చువేసి పంచాడు, అది ప్రకటన కాదా? కొంత నిజమే. 1835 సభ, ఏటేటా నివేదిక లేకపోతే ఈ పని సంగతి అంతమందికి తెలిసేది కాదు. పని గురించి చెప్పడం వేరు, ఇవాళ్టి కొరత చెప్పడం వేరు అని ఆయన గీత గీశారు. 1841 వాయిదా ఆ గీతకు కట్టిన వెల. మన దగ్గర ఆ గీతే చెరిగిపోతోంది. "మేం ఎవర్నీ అడగం, దేవుణ్ణే అడుగుతాం" అంటూనే వాట్సాప్ గ్రూపులో "ప్రార్థన మనవి: శుక్రవారంలోగా 38 వేలు కట్టాలి, ప్రార్థించండి" అని ఫోన్‌పే నంబరుతో సహా పెడతారు. సూటిగా అడగడంలో పాపం లేదు. పౌలు కొరింథీయుల్ని సూటిగానే అడిగాడు. ఎటొచ్చీ, అడుగుతూ అడగడం లేదని చెప్పకూడదు.

ఇక్కడ అమలు చేయాలనుకునే సంఘానికి కొన్ని ఏర్పాట్లు. కానుకల పెట్టెకు రెండు తాళాలు, రెండు తాళపుచెవులు బంధుత్వం లేని ఇద్దరి దగ్గర. ఆరాధన అవగానే అదే గదిలో లెక్క, నోట్లు ఏ రకం ఎన్ని అని పుస్తకంలో వరుసగా, ఇద్దరి సంతకాలు. సోమవారం బ్యాంకులో జమ. ఆదివారం డబ్బులోంచే ఆదివారం ఖర్చు తీయకూడదు. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే, తీసింది రాయరు, మిగిలిందే కానుక అంటారు. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే ఉండాలి, కాపరి సొంత నంబరుది కాకూడదు. ఎంత నమ్మకస్తుడైనా సరే. అది ఆయన సొంత ఆదాయం కాదని పన్ను శాఖ దగ్గర నిరూపించుకోవడం ఆయనకే తలనొప్పి. విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు గుర్తింపు (80జీ) ఉన్న ట్రస్టు అయినా 2000 రూపాయలు దాటిన నగదు విరాళానికి దాతకు మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారా ఇమ్మని ముందే చెప్పాలి.

విదేశీ డబ్బులో పొరపాటు పెద్దది. డల్లాస్‌లోని మేనల్లుడు భారత పాస్‌పోర్టుతో ఉండి తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక అదే మేనల్లుడు పంపితే వస్తుంది, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా తేడా లేదు. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాకే చేరాలి. నమోదు లేకుండా వచ్చిన డబ్బును దేవుడు పంపాడని ఉంచుకోకూడదు. విధేయత అన్న మాటలో ఇదీ భాగమే.

పిల్లల గృహం విషయంలో విల్సన్ వీధిని అలాగే అనుకరించడం నేరం అవుతుంది. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 41వ సెక్షన్ కింద నమోదు తప్పనిసరి. లేకపోతే 42వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దిక్కులేని బిడ్డ దొరికితే ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. దరఖాస్తు తీసుకుని చేర్చుకునే అధికారం నిర్వాహకుడిది కాదు.

చేతిలో డబ్బే ఆడని ఇళ్ళకు గుప్పెడు బియ్యం పద్ధతి మేలు. మిజోరం ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి చేస్తున్నారు. ఎసరు పెట్టేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. గుప్పెడంటే సుమారు 45 గ్రాములు. పూటకొకటి చొప్పున రోజుకు రెండైతే, 30 ఇళ్ళ సంఘంలో వారానికి దాదాపు 19 కిలోలు. చెడేది రెండు చోట్ల. రేషన్ బియ్యం, సన్నబియ్యం, ఉప్పుడు బియ్యం ఒకే గోనెలో పోస్తే సమానంగా ఉడకవు, ఎవరూ కొనరు. మూడు గోనెలు పెట్టాలి. నెలంతా దాచితే పురుగు పడుతుంది, తడి చేత్తో తీసిన గుప్పెడు ఉంటే ఇంకా ముందే. వారం వారం తూచి, రాసి, ఆ వారమే పంచేయాలి లేదా అమ్మేయాలి. ఇచ్చే ఇంట్లోనే ఆ వారం గింజలు లేకపోతే పంచేటప్పుడు మొదటి సంచి ఆ ఇంటికే వెళ్ళాలి, పేరు చదవకుండా.

నెల 20వ తేదీకే ఖాతా ఖాళీ అయిన సంఘం పెద్దలు ఆ రాత్రి కూర్చుని చేయాల్సింది సెప్టెంబరు 10 జాబితాలో ఉంది. ముందుగా బాకీలు రాయండి, కిరాణా కొట్టు ఖాతా, టెంట్ హౌస్ బాకీతో సహా. అప్పుగా కొనడం ఆ పూటే ఆపండి. పేదల నిధిని, కట్టడం నిధిని ముట్టుకోవద్దు. వాడకంలో లేని ఆంప్లిఫయరు, మిగిలిన కుర్చీలు ఉంటే అమ్మకానికి తీయండి. కాపరి ఇంట్లో బియ్యం ఎన్ని రోజులకు ఉన్నాయో ఆయన భార్యను అడగండి, ఆయన్ని కాదు. అప్పుడు మోకరించండి.